మీ ఫోన్‌లో 1957 ఇంకా నడుస్తోంది: ప్రోగ్రామింగ్ లాంగ్వేజీల వంశవృక్షం

కొత్త ఫోన్ లాంచ్ అవగానే మనం స్పెక్ షీట్ ముందేసుకుని కూర్చుంటాం. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లు, ర్యామ్ ఎంత, డిస్‌ప్లే ఎన్ని హెర్ట్జ్ అంటూ ఒక్కో లైన్ పోల్చి చూస్తాం. కానీ ఆ హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏ లాంగ్వేజ్‌లో రాశారు, ఆ లాంగ్వేజ్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మాత్రం ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌నే తీసుకోండి. అడుగున ఉన్న లినక్స్ కెర్నల్‌లో అత్యధిక భాగం సి. దాని పైన యాప్‌లను నడిపే రన్‌టైమ్ ప్రధానంగా సి++. యాప్‌లేమో కోట్లిన్ లేదా జావా. బ్రౌజర్ తెరిస్తే జావాస్క్రిప్ట్. పైకి ఇవన్నీ వేర్వేరుగా కనిపిస్తాయి. తాతముత్తాతల లెక్క తీస్తే మాత్రం దాదాపు అన్నీ 1957-60 మధ్య రూపు దిద్దుకున్న నాలుగు లాంగ్వేజీల దగ్గరే తేలతాయి: ఫోర్ట్రాన్, కోబాల్, లిస్ప్, ఆల్గాల్.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాబట్టి బీటెక్ జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇప్పుడు ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? రెండేళ్లకి అది అవుట్‌డేట్ అయిపోతే?" ఈ మధ్య దానికో తోక కూడా వచ్చింది: "ఏఐ కోడ్ రాసేస్తుంటే అసలు నేర్చుకోవడం ఎందుకు?" ఈ రెండింటికీ నా దగ్గరున్న మంచి జవాబు ఈ వంశవృక్షమే. అందుకే కొంచెం ఓపిగ్గా, మొదటి నుంచి చూద్దాం.

లాంగ్వేజ్ లేని రోజులు

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని ప్రపంచానికి చూపించారు. దానికి ప్రోగ్రామ్ రాయడమంటే టైప్ చేయడం కాదు. కేబుళ్లు ఒక చోట పీకి ఇంకో చోట గుచ్చడం, స్విచ్‌లు తిప్పడం. కొత్త లెక్క కావాలంటే మిషన్‌కి మళ్లీ వైరింగ్ చేయాల్సిందే. ఆ పని చేసిన మొదటి టీమ్‌లో ఆరుగురూ మహిళలే.

1949 మే 6న కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ తన మొదటి ప్రోగ్రామ్ నడిపింది. ఇక్కడ ప్రోగ్రామ్ మిషన్ మెమరీలోనే ఉంటుంది, పేపర్ టేప్ మీద నుంచి లోడ్ అవుతుంది. డేవిడ్ వీలర్ అనే కుర్రాడు కేవలం 31 ఇన్‌స్ట్రక్షన్లతో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కూడికకి ఒక అక్షరం, తీసివేతకి ఒక అక్షరం టేప్ మీద పంచ్ చేస్తే, ఆ 31 ఇన్‌స్ట్రక్షన్లు వాటిని బైనరీలోకి మార్చి మెమరీలో పెట్టేవి. మనిషికి అర్థమయ్యే గుర్తును మిషన్ తనంతట తానే మార్చుకోవడం అనే ఐడియా ఇక్కడ కళ్లకు కడుతుంది. తర్వాత వచ్చిన ప్రతి కంపైలర్ చేసేది ఈ పనే. కాకపోతే చాలా పెద్ద స్థాయిలో.

అమెరికాలో గ్రేస్ హాపర్‌ది ఇంకో తలనొప్పి. ప్రోగ్రామర్లు ఒకరి నోట్‌బుక్‌లోంచి ఒకరు రెడీమేడ్ కోడ్ ముక్కలు కాపీ చేసుకునేవారు. చేత్తో కాపీ చేస్తే తప్పులు, అడ్రసులు కూడితే తప్పులు. కాపీ కొట్టడం, కూడటం మిషన్‌కి బాగా వచ్చిన పనులే కదా, అదే చేసుకోవచ్చు కదా అనుకున్నారావిడ. అలా 1952 నాటికి యూనివాక్ మీద ఏ-0 అనే సిస్టమ్ తయారైంది. టేప్ మీద ఉన్న కోడ్ ముక్కలను నంబర్లతో పిలిస్తే, మిషనే వాటిని తెచ్చి అతికించేది. ఈ రోజు ప్రమాణాలతో చూస్తే అది కంపైలర్ కంటే లింకర్‌కి దగ్గర. కానీ కోడ్‌ని కోడే తయారు చేయగలదని చూపించింది.

ఫోర్ట్రాన్: "ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్" అంటే నవ్విన రోజులు

ఇక్కడ మన ఏఐ కాలానికి బాగా దగ్గరగా ఉండే విషయం ఒకటుంది. 1950లలో కంపైలర్ లాంటి టూల్స్‌ని "ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్" అనేవారు. అనుభవమున్న ప్రోగ్రామర్లకు వాటి మీద నమ్మకం లేదు. చేత్తో రాసినంత వేగవంతమైన కోడ్‌ని మిషన్ రాయలేదన్నది వాళ్ల వాదన.

ఆ వాదనలో కొంత న్యాయం ఉంది కూడా. అప్పటి కంప్యూటర్లలో చాలావాటికి దశాంశ లెక్కలు చేసే ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ లేదు. ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించేవారు, అదెలాగూ నెమ్మదే. కాబట్టి పైన ఇంకో సులువు లేయర్ పెట్టినా, దాని వల్ల వచ్చే ఆలస్యం అంతగా కనిపించేది కాదు. 1954లో ఐబీఎం 704 ప్రకటించినప్పుడు లెక్క మారిపోయింది. దానికి ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్‌లోనే వచ్చేసింది. ఇక సాఫ్ట్‌వేర్ సోమరితనం దాక్కోవడానికి చోటు లేదు. మన భాషలో చెప్పాలంటే, చిప్‌సెట్ అప్‌గ్రేడ్ అయింది, లాగ్ మొత్తం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది.

ఐబీఎంలో జాన్ బ్యాకస్ 1953 చివర్లోనే తన బాస్‌కి ప్రతిపాదన పెట్టాడు. అతని వాదన అంతా డబ్బు చుట్టూ తిరుగుతుంది. ఒక కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రామర్ల మీద పెట్టే ఖర్చు కంప్యూటర్ ఖర్చుకు తక్కువేమీ కాదు. పైగా కంప్యూటర్ టైమ్‌లో పావు వంతు నుంచి సగం దాకా డీబగ్గింగ్‌కే పోతోంది. అనుమతి వచ్చింది. 1954లో మొదలైన పని 1957 ఏప్రిల్‌లో కస్టమర్ల చేతికి వచ్చింది. అంతకాలమూ "ఎప్పటికి అవుతుంది?" అని ఎవరడిగినా టీమ్ చెప్పిన జవాబు "ఇంకో ఆరు నెలలు". సాఫ్ట్‌వేర్ డెడ్‌లైన్ల చరిత్ర కూడా అంత పాతదన్నమాట!

ఫలితం మాత్రం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఫోర్ట్రాన్ కంపైలర్ ఇచ్చిన కోడ్ మంచి ప్రోగ్రామర్ చేత్తో రాసినదానికి దగ్గరగా పరిగెత్తింది. ఆప్టిమైజింగ్ కంపైలర్ అనే మాటకి అసలైన ఆరంభం ఇదే.

ఫోర్ట్రాన్ గుర్తులు మీ కోడ్‌లో ఇంకా ఉన్నాయి. లూప్ రాసేటప్పుడు మీ చేయి అలవాటుగా ఐ, జే, కే అని టైప్ చేస్తుంది కదా? ఫోర్ట్రాన్‌లో ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే వేరియబుల్స్ అన్నీ ఆటోమేటిక్‌గా పూర్ణసంఖ్యలు. గణితంలో ఉన్న అలవాటుని ఫోర్ట్రాన్ రూల్‌గా మార్చింది, ఆ రూల్ మళ్లీ మనకి అలవాటుగా మిగిలింది. కోడ్ లైన్ 80 అక్షరాలు దాటకూడదని మీ సీనియర్ గొడవ చేస్తే, అది ఇంకా పాతది. పంచ్ కార్డుకి 80 నిలువు వరుసలు ఉండేవి.

కోబాల్: అమీర్‌పేట దాకా వచ్చిన లాంగ్వేజ్

ఫోర్ట్రాన్ సైంటిస్టుల కోసం. మరి జీతాలు, స్టాకు, బిల్లుల సంగతి? గ్రేస్ హాపర్ బృందం అప్పటికే ఫ్లో-మ్యాటిక్ అని ఇంగ్లిష్ మాటలతో నడిచే ఒక లాంగ్వేజ్ చేసింది. దాని గురించి ఆవిడ తర్వాత ఒక సరదా సంగతి చెప్పారు. మేనేజ్‌మెంట్‌కి డెమో ఇస్తూ, అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచ్ మాటలతో, జర్మన్ మాటలతో కూడా నడపొచ్చని చూపించారట. అంతే, వాళ్లు కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కి ఫ్రెంచ్, జర్మన్ ఎలా వస్తాయని! నిజానికి కంపైలర్‌కి ఏ భాషా రాదు. దానికి ప్రతి కీవర్డ్ ఒక గుర్తు మాత్రమే. ఇంగ్లిష్ మాట తీసేసి "అయితే", "లేకపోతే" పెట్టినా దానికి ఒకటే.

1959 మేలో పెంటగాన్‌లో ఒక మీటింగ్ జరిగింది. ఏ కంపెనీ కంప్యూటర్ మీదైనా నడిచే ఒక బిజినెస్ లాంగ్వేజ్ కావాలన్నది ఎజెండా. ఒక్కో కంపెనీకి ఒక్కో లాంగ్వేజ్ ఉంటే, మిషన్ మార్చినప్పుడల్లా ప్రోగ్రామ్‌లన్నీ మళ్లీ రాయాలి. కమిటీ పని నత్తనడక నడుస్తోందని విసిగిపోయిన ఒక సభ్యుడు, కోబాల్ అని చెక్కించిన సమాధి రాయిని ఏకంగా పెంటగాన్‌కి పంపాడు. తీరా ఏమైంది? 1960 డిసెంబర్ 6, 7 తేదీల్లో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రామ్ రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిచింది. "ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి" అనే కల జావా కంటే 35 ఏళ్లు పాతది.

తెలుగు రాష్ట్రాలకి ఈ కొమ్మతో నేరుగా సంబంధం ఉంది. మెమరీ, కార్డు మీద స్థలం ఆదా చేయడానికి అప్పట్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచేవారు. 2000 దగ్గరపడేసరికి "00" అంటే 1900నా 2000నా అన్నది పెద్ద ప్రశ్న అయింది. అదే వై2కే. పాత కోబాల్ ప్రోగ్రామ్‌లు వెతికి సరిచేయడానికి ఒక్కసారిగా మనుషులు కావాల్సొచ్చారు. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోచింగ్‌లు నడిచింది ఆ ఊపులోనే. మనలో చాలామంది ఇళ్లలో బాబాయో, పెద్దన్నయ్యో అమెరికా ఫ్లైట్ ఎక్కింది ఆ రోజుల్లోనే. డిగ్రీలో ఏం చదివినా, కోబాల్ వస్తే చాలనే రోజులవి.

కోబాల్ ఇప్పుడు లేదనుకుంటే పొరపాటే. నేను పనిచేసే ప్రాజెక్టులో ఫోన్ యాప్ కోట్లిన్, సర్వర్ జావా. కానీ లావాదేవీ చివరికి చేరేది ఒక మెయిన్‌ఫ్రేమ్‌కి, అక్కడున్నది కోబాల్. మనం పంపే ప్రతి ఫీల్డ్ సరిగ్గా నిర్ణయించిన వెడల్పులో ఉండాలి. పేరు చిన్నదైతే మిగతా చోటు స్పేసులతో నింపాలి. పంచ్ కార్డు పోయి ఎన్నాళ్లో అయింది, దాని ఆకారం మాత్రం పోలేదు.

లిస్ప్: ఆండ్రాయిడ్, ఐఫోన్ గొడవ ఇక్కడిదే

మూడో కొమ్మ అన్నిటికంటే విచిత్రమైనది. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ ఏఐ పరిశోధన కోసం ఒక లాంగ్వేజ్ డిజైన్ చేశాడు. ఆ పనికి కావాల్సింది అంకెలు కాదు, జాబితాలు. లిస్ప్‌ని గణితంగా వివరిస్తూ ఆయన ఒక పేపర్ సిద్ధం చేశాడు, అది 1960లో అచ్చయింది. అందులో లిస్ప్ ప్రోగ్రామ్‌ని లిస్ప్‌లోనే విలువ కట్టే ఒక ఫంక్షన్ ఉంది. మెకార్తీకి అది కాగితం మీద చూపించడానికి మాత్రమే. కానీ స్టీవ్ రసెల్ అనే ప్రోగ్రామర్ దాన్ని చేత్తో 704 మిషన్ కోడ్‌లోకి మార్చేశాడు. అంతే, లిస్ప్‌కి ఇంటర్‌ప్రెటర్ వచ్చేసింది!

జాబితాలతో పని చేస్తే ఒక సమస్య వస్తుంది. వాడి పారేసిన ముక్కలు మెమరీ అంతా నింపేస్తాయి. ఎవరు శుభ్రం చేయాలి? ప్రోగ్రామర్ కాదు, సిస్టమే వెతికి ఏరేయాలని మెకార్తీ నిర్ణయించాడు. అదే గార్బేజ్ కలెక్షన్. అదే ఏడాది జార్జ్ కాలిన్స్ ఇంకో దారి చెప్పాడు. ప్రతి ముక్కనీ ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టుకుందాం, లెక్క సున్నా అయితే తీసేద్దాం అని. అదే రిఫరెన్స్ కౌంటింగ్.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. ఆండ్రాయిడ్ రన్‌టైమ్‌లో గార్బేజ్ కలెక్టర్ ఉంటుంది. ఐఫోన్‌లో స్విఫ్ట్ వాడేది రిఫరెన్స్ కౌంటింగ్. తక్కువ ర్యామ్‌తో ఐఫోన్ ఎలా నెట్టుకొస్తోందని వాదించుకునేటప్పుడు చెప్పే కారణాల్లో ఇదొకటి. రెండు వైపులా ఉన్న ఐడియాలు 1960 నాటివే. అప్పటికి చిప్ మీద ప్రాసెసర్ అన్నదే లేదు.

ఈ కొమ్మలో మన మనిషి ఒకరున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పీహెచ్‌డీ గైడ్ ఎవరో కాదు, ఈ జాన్ మెకార్తీయే. 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. మీరు ఫోన్‌తో మాట్లాడితే అది అర్థం చేసుకోవడం వెనకున్న స్పీచ్ రికగ్నిషన్‌కి పునాదులు వేసినవాళ్లలో ఆయన ఒకరు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఎదుగుదలలో కూడా ఆయన చేయి ఉంది.

ఆల్గాల్: ఎవరూ వాడరు, అందరూ వాడతారు

1958లో జూరిచ్‌లో నలుగురు యూరోపియన్లు, నలుగురు అమెరికన్లు కూర్చుని ప్రపంచానికంతటికీ ఒకే లాంగ్వేజ్ తయారు చేద్దామనుకున్నారు. దశాంశానికి చుక్క పెట్టాలా, కామా పెట్టాలా అన్న దగ్గర కూడా గొడవైంది. యూరప్‌లో కామా, అమెరికాలో చుక్క మరి! 1960 జనవరిలో పారిస్‌లో మళ్లీ కలిశారు. అక్కడ తేలిందే ఆల్గాల్ 60.

మార్కెట్ పరంగా ఇది పెద్ద హిట్ కాదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఎలా చేయాలో స్టాండర్డ్‌లో రాయనే లేదు. ఐబీఎం కస్టమర్లు ఫోర్ట్రాన్‌కి అలవాటుపడిపోయారు. కానీ డిజైన్ పరంగా మన లాంగ్వేజీలలో ఎక్కువ భాగం దీని సంతానమే. బ్లాక్ లోపల ప్రకటించిన వేరియబుల్ ఆ బ్లాక్‌కే పరిమితం కావడం, బ్లాక్‌లో బ్లాక్ పెట్టగలగడం, ఫంక్షన్ తనని తాను పిలుచుకోవడం, స్టేట్‌మెంట్ల మధ్య సెమికోలన్... ఇవన్నీ మనకి అలవాటైంది ఆల్గాల్ దారిలోనే.

లాంగ్వేజ్ వ్యాకరణాన్ని సూత్రాలుగా రాసే పద్ధతి కూడా ఇక్కడే స్థిరపడింది. కంపైలర్ డిజైన్ సబ్జెక్టులో బీఎన్ఎఫ్ అని చదువుతామే, అదే. ఫోర్ట్రాన్ బ్యాకసే దాన్ని తెచ్చాడు, పీటర్ నౌర్ మెరుగుపరిచాడు. ఇలాంటి సూత్ర పద్ధతి సంస్కృత వ్యాకరణంలో పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి దీన్ని "పాణిని-బ్యాకస్ ఫారం" అనాలని 1967లో పీటర్ ఇంగర్మన్ సూచించాడు. ఆ పేరు నిలబడలేదు గానీ, పరీక్షకి చదివేటప్పుడు గుర్తుంటే బోర్ కొట్టదు.

ఆల్గాల్ కుటుంబం నుంచి వచ్చిన ఆస్తిలో ఒక అప్పు కూడా ఉంది. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే లాంగ్వేజ్ డిజైన్ చేస్తూ టోనీ హోర్ నల్ రిఫరెన్స్ పెట్టాడు. కారణం చాలా మామూలు, అమలు చేయడం తేలిక. యాప్ ఉన్నట్టుండి క్లోజ్ అయిపోవడం వెనక తరచూ ఉండే నల్ పాయింటర్ ఎర్రర్ మూలం ఇదే. 2009లో హోర్ స్వయంగా దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పు అని పిలిచాడు. కోట్లిన్‌లో టైప్ పక్కన ప్రశ్నార్థకం పెడితేనే నల్‌కి చోటుండేది ఆ అప్పు తీర్చడానికే.

ఆల్గాల్ నుంచి సి దాకా: చిన్న మెమరీ, పెద్ద కత్తిరింపు

1963 ప్రాంతంలో కేంబ్రిడ్జ్, లండన్ యూనివర్సిటీలు కలిసి ఆల్గాల్ మీద సీపీఎల్ అని ఒక భారీ లాంగ్వేజ్ డిజైన్ చేశాయి. అది ఎంత పెద్దదంటే, కంపైలర్ రాయడమే కష్టమైపోయింది. మార్టిన్ రిచర్డ్స్ దాన్ని బాగా కత్తిరించి 1967లో బీసీపీఎల్ చేశాడు. అందులో టైప్‌లు లేవు, ప్రతిదీ ఒక మెషిన్ వర్డ్, అంతే. అర్రే అంటే మెమరీలో ఒక చోటు, ఇండెక్స్ అంటే అక్కడి నుంచి ఎంత దూరం. మొదటి ఐటమ్ దూరం సున్నా. మన అర్రేలు సున్నా నుంచి మొదలవడం వెనక ఉన్న లెక్క ఇదే. ఫోర్ట్రాన్‌లో ఒకటి నుంచి మొదలయ్యేది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ఒక పీడీపీ-7 మీద యూనిక్స్ మొదలుపెట్టాడు. దాని మెమరీ 8 కే వర్డ్‌లు, వర్డ్‌కి 18 బిట్లు. అంటే మన లెక్కలో 18 కేబీ. మీ ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే అది దానికి దాదాపు 4 లక్షల 66 వేల రెట్లు. థాంప్సన్ ముందు ఫోర్ట్రాన్ పెడదామని చూసి వెంటనే వదిలేశాడు. బీసీపీఎల్‌ని ఇంకా కుదించి, ఆ 18 కేబీలో పట్టేలా బి అనే లాంగ్వేజ్ చేశాడు.

మనం రోజూ కొట్టే గుర్తులు కొన్ని ఇక్కడివే. ఆల్గాల్‌లో విలువ ఇవ్వడానికి := వాడేవారు. ప్రోగ్రామ్‌లో విలువ ఇవ్వడం పోల్చడం కంటే దాదాపు రెండింతలు ఎక్కువ, కాబట్టి దాని గుర్తు సగమే ఉండాలని బి లో = పెట్టారు. పోల్చడానికి == మిగిలింది. ++ కూడా థాంప్సన్‌దే. అది పీడీపీ-11 హార్డ్‌వేర్ సదుపాయం చూసి పెట్టారని చాలాచోట్ల చెబుతారు. అది నిజం కాదు. ++ పుట్టేనాటికి పీడీపీ-11 వాళ్ల చేతికే రాలేదు.

పీడీపీ-11 వచ్చాక బి కి ఇబ్బంది మొదలైంది. ఆ మిషన్‌లో మెమరీ అడ్రస్ బైట్ల లెక్కన ఉంటుంది. అక్షరానికి ఒక బైట్, పూర్ణసంఖ్యకి రెండు. "అన్నీ ఒకే సైజు వర్డ్" అనే బి నమ్మకం ఇక చెల్లలేదు. అందుకని డెనిస్ రిచీ దానికి టైప్‌లు చేర్చాడు. 1972కల్లా అది సి అయింది. 1973లో యూనిక్స్ కెర్నల్‌ని సి లో తిరగరాశారు. కొత్త హార్డ్‌వేర్ వచ్చింది కాబట్టి కొత్త లాంగ్వేజ్ వచ్చింది. ఈ కథలో ఇది మనం చూస్తున్న రెండో చిప్ అప్‌గ్రేడ్.

మూడు కంప్యూటర్ల కోసం మిగిలిన బగ్

నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇది. బి లో & ఒక్కటే ఉండేది. ఇఫ్ లోపల అది "మరియు" అనే అర్థంలో, మిగతాచోట్ల బిట్ల మీద పనిచేసేది. రెండు పోలికల మధ్యలో వస్తుంది కాబట్టి దానికి == కంటే తక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. సి లో "మరియు" కోసం && విడిగా వచ్చింది. అప్పుడే & ప్రాధాన్యాన్ని పైకి జరిపి ఉంటే పోయేది. కానీ అప్పటికే రాసిన కోడ్ పాడవుతుందని అలాగే ఉంచేశారు. ఎంత కోడ్? రిచీ తర్వాత రాసిన ప్రకారం కొన్ని వందల కిలోబైట్లు, మూడు కంప్యూటర్లు.

ఆ మూడు కంప్యూటర్ల కోసం తీసుకున్న నిర్ణయం సి++, జావా, జావాస్క్రిప్ట్, సి షార్ప్ అన్నిటికీ వారసత్వంగా వచ్చేసింది. బ్రాకెట్ పెట్టకుండా ఫ్లాగ్ & మాస్క్ == 0 అని రాస్తే ముందు మాస్క్‌ని సున్నాతో పోలుస్తాయి. పూర్ణసంఖ్యలైతే జావాలో ఎర్రర్ వస్తుంది. సి లో వార్నింగులు ఆన్ చేయకపోతే నిశ్శబ్దంగా తప్పు జవాబు వస్తుంది. పైథాన్, గో, రస్ట్, స్విఫ్ట్ ఈ వరస మార్చేశాయి. ఈ రోజు మీరు "యూజర్లు తక్కువే కదా, తర్వాత చూద్దాం" అని వదిలేసే ఏపీఐ గురించి కూడా ఒకసారి ఆలోచించండి.

కొమ్మలు మళ్లీ కలిశాయి

నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ ఆల్గాల్ 60కి క్లాసులు, ఆబ్జెక్టులు చేర్చి సిమ్యులా 67 చేశారు. బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తూ దానితో ఒక సిమ్యులేటర్ రాశాడు. రాయడం హాయిగా ఉంది, నడవడం మాత్రం భరించలేనంత నెమ్మది. చివరికి బీసీపీఎల్‌లో తిరగరాశాడు. అప్పుడు వేగం వచ్చింది, హాయి పోయింది. ఈ రెండూ ఒకేచోట కావాలని 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి కి క్లాసులు చేర్చడం మొదలుపెట్టాడు. అదే సి++. బీసీపీఎల్‌లో ఉండి సి లో పోయిన // కామెంట్‌ని వెనక్కి తెచ్చింది కూడా ఇదే.

1995లో జావా సి రూపాన్ని, సిమ్యులా నుంచి వచ్చిన క్లాసులని, లిస్ప్ నుంచి వచ్చిన గార్బేజ్ కలెక్షన్‌ని ఒకచోట చేర్చింది. దాని పైన కోట్లిన్ వచ్చింది. అదే 1995లో బ్రెండన్ ఐక్‌ని లిస్ప్ కుటుంబంలోని స్కీమ్‌ని బ్రౌజర్‌లో పెడదామని పిలిచి, తీరా వెళ్లాక చూడ్డానికి జావాలా ఉండాలన్నారు. పది రోజుల్లో తయారైన జావాస్క్రిప్ట్ అందుకే సి చొక్కా వేసుకున్న లిస్ప్ మనవడిలా ఉంటుంది. పైథాన్‌లో నంపైతో మ్యాట్రిక్స్ సమీకరణాలు సాధిస్తే అది లాప్యాక్ రొటీన్ల మీద ఆధారపడుతుంది. ఆ లాప్యాక్ పుట్టింది ఫోర్ట్రాన్‌లో. మెషిన్ లెర్నింగ్ నోట్‌బుక్ తెరిచిన చాలామందికి తాము ముత్తాతతో మాట్లాడుతున్నామని తెలియదు.

మరి ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి?

ముందు అవుట్‌డేట్ భయం. లాంగ్వేజ్ పేర్లు మారతాయి. లోపలి ఐడియాలు అరవై ఏళ్లకి పైగా తిరుగుతూనే ఉన్నాయి. ఏదైనా ఒకటి లోతుగా నేర్చుకోండి, కాకపోతే ప్రతి ఫీచర్ దగ్గర "ఇది ఎవరి ఏ కష్టం తీర్చడానికి వచ్చింది?" అని అడగండి. సింటాక్స్ బట్టీ పడితే రెండో లాంగ్వేజ్ మళ్లీ మొదటి నుంచే. కారణం తెలిస్తే రెండోది కొన్ని వారాల పనే. నా సలహా అడిగితే: మెమరీ అర్థమవడానికి కొంచెం సి, ఉద్యోగానికి కోట్లిన్, జావా, పైథాన్‌లలో ఒకటి, బుర్ర పదునెక్కడానికి ఒక వారాంతం స్కీమ్.

ఇక ఏఐ. 1957లో కంపైలర్ వచ్చి మిషన్ కోడ్ రాసే పనిని చాలామటుకు తీసేసుకుంది. ప్రోగ్రామర్లు తగ్గలేదు. ఏం కావాలో స్పష్టంగా చెప్పగలిగినవాళ్లకి పని పెరిగింది. అయితే ఈ పోలికకి ఒక హద్దుంది. కంపైలర్‌కి కచ్చితమైన రూల్స్ ఉన్నాయి, ఒకే సెట్టింగ్స్‌తో ఒకే ఇన్‌పుట్‌కి అదే అర్థమున్న కోడ్ ఇస్తుంది. ఏఐకి ఆ హామీ లేదు. అది రాసిన & సరైనదో, ఆ అర్రే చివర ఒకటి ఎక్కువైందో, ఆ నల్ ఎక్కడ పేలుతుందో చూడాల్సిన బాధ్యత మనదే. అది చూడాలంటే కింద ఏం జరుగుతోందో తెలియాలి. కాబట్టి నేర్చుకోవడం మానేయడానికి ఏఐ కారణం కాదు, ఇంకొంచెం లోతుగా నేర్చుకోవడానికి కారణం.

ఈసారి ఫోన్‌లో ఏదైనా యాప్ హ్యాంగ్ అయితే తయారీ కంపెనీని తిట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. తప్పు 1965 నాటిది కూడా అయ్యుండొచ్చు.